ఎరల్ ఫ్లిన్ కత్తి, బేసిల్ రాత్‌బోన్ మణికట్టు

పాత హాలీవుడ్ సినిమాల అభిమానుల మధ్య ఒక వీడియో ముక్క జోరుగా తిరుగుతోంది. 1938 నాటి ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్’ చివర్లో కోటలో జరిగే కత్తియుద్ధం అది. దాని కింద రాసిన మాటల సారాంశం ఇది: అప్పట్లో డూపులు లేరు, ఇద్దరు నటులూ నిజంగానే తలపడ్డారు, రాబిన్ హుడ్ వేషం వేసిన ఎరల్ ఫ్లిన్ మేటి ఖడ్గవీరుడు కాబట్టే గెలిచాడు, షూటింగ్ ఇంగ్లండ్‌లోని షేర్‌వుడ్ అడవిలో జరిగింది.

చివరిది ముందు తేల్చేద్దాం. తెరమీద కనిపించే ఆ అడవిలో చాలా భాగం కాలిఫోర్నియా రాష్ట్రం చీకో ఊళ్లోని బిడ్వెల్ పార్క్.

ఇక గెలుపు సంగతి. ఫ్లిన్‌కు చురుకుదనం ఉంది, దూకుడు ఉంది, ఏ దుస్తుల్లోనైనా వీరుడిలా కనిపించే అందం ఉంది. కత్తి పట్టడం మాత్రం సినిమాల కోసం నేర్చుకున్నదే. ప్రతినాయకుడు సర్ గై వేషం వేసిన బేసిల్ రాత్‌బోన్ అలా కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి మిలిటరీ క్రాస్ పతకం పొందిన ఆయన ఫెన్సింగ్‌ను ఇష్టంతో, శ్రద్ధగా సాధన చేశాడు. అయినా 1935లో ‘కెప్టెన్ బ్లడ్’లో సముద్రపు ఒడ్డున ఫ్లిన్ చేతిలో చచ్చాడు, మూడేళ్ల తర్వాత ఇక్కడా చచ్చాడు. స్క్రిప్టులో ఎవరు చావాలని రాసి ఉంటే వాళ్లే చస్తారు.

‘నిజమైన పోరు’ అన్న మాట ఇంకా విడ్డూరం. ఇద్దరు నేర్పరులు నిజంగా తలపడితే దెబ్బ తేలడానికి కొన్ని క్షణాలు చాలు. మణికట్టు చిన్నగా కదులుతుంది, కత్తిమొన దూసుకుపోతుంది, కెమెరాకు ఏమీ ఆనదు. ఆ వీడియోనే ఇంకోసారి చూడండి. కత్తులు తల మీదుగా పెద్ద పెద్ద చాపాలు గీస్తాయి. ప్రతి వేటూ ఎటు రాబోతోందో మనకు ముందే తెలుస్తుంది, కాచుకోవడానికి అవతలివాడికీ వ్యవధి దొరుకుతుంది. ఇదంతా లెక్కప్రకారం కూర్చినది. కూర్చినవాడు బెల్జియం నుంచి వచ్చిన ఫ్రెడ్ కావెన్స్, మన భాషలో చెప్పాలంటే ఫైట్ మాస్టర్. మధ్యలో ఇద్దరూ కెమెరాకు కనిపించకుండా పోయి, స్తంభం మీద రెండు పెద్ద నీడలే కొట్లాడుకుంటాయి. నిజంగా ప్రాణాల మీదికి వచ్చినవాళ్లు దీపాల వెలుతురు చూసుకుని నిలబడతారా? ఆ వీడియో పంచుకున్నవాళ్లు ఎవరినైనా పొగడాలనుకుంటే ముందు కావెన్స్‌ను పొగడాలి. ఆయన పేరు అందులో ఎక్కడా లేదు.

డూపులు లేరట! ఈ సినిమాలోనే గురి తప్పకుండా పడాల్సిన బాణాలు వేసింది హోవర్డ్ హిల్ అనే విలుకాడు. నిజానికి ఒళ్లు గగుర్పొడిచే పని కత్తుల దగ్గర కాదు, ఇక్కడ జరిగింది. దుస్తుల కింద లోహపు రేకు, తేలికపాటి చెక్క కట్టుకున్న స్టంట్‌మెన్ ఎదురుగా నిలబడితే హిల్ వాళ్ల మీదికి నిజం బాణాలే వదిలాడు. బాణం తగిలించుకున్నందుకు ఒక్కోదానికి 150 డాలర్లు ఇచ్చారని చెబుతారు. రెండేళ్ల తర్వాత వచ్చిన ‘ది సీ హాక్’లో ప్రతినాయకుడిగా వేసిన హెన్రీ డానియల్‌కు కత్తి తిప్పడం రాకపోతే ఫ్లిన్‌కు ఎదురుగా డూపునే దింపారు. స్టూడియోలకు అందులో సిగ్గేమీ లేదు, అది రోజువారీ పని.

రాత్‌బోన్ పనితనం నిజంగా చూడాలనుకునేవాళ్లు 1940లో వచ్చిన ‘ది మార్క్ ఆఫ్ జోరో’ తెరవండి. ఇరుకు గదిలో హీరో టైరోన్ పవర్‌తో పోరాటం, మణికట్టు తిరిగే వేగం కంటికి అందేంత దగ్గరగా తీశారు. అన్నట్టు, అందులోనూ చచ్చేది రాత్‌బోనే.