రాత్రికి రాత్రే ఫుకెట్ వెళ్లి రావాలా?

హైదరాబాద్ నుంచి ఫుకెట్‌కు విమానంలో దాదాపు 4 గంటలు. విహారయాత్రకు వెళ్లేవారికి హాయైన దూరం. సిబ్బందికి డ్యూటీల పట్టిక (రోస్టర్) వేసేవారికి ఇదే చిక్కుముడి. గంటన్నర ప్రయాణాలైతే రోజుకు నాలుగు సర్వీసులు చేయించి సాయంత్రానికి ఇంటికి పంపవచ్చు. లండన్ అయితే హోటల్ బస తప్పదు, వాదనే లేదు. 4 నుంచి 7 గంటల దూరాల దగ్గరే ప్రతిసారీ అదే ప్రశ్న: వెళ్లినవాళ్లే విమానాన్ని వెంటనే తిప్పుకొని రావాలా, అక్కడ నిద్రపోయి మర్నాడు రావాలా?

పైలట్ డ్యూటీ విమానం ఎగిరాక మొదలవదు, రిపోర్టు చేసిన క్షణం నుంచే మొదలవుతుంది. ముందు ఒక గంట, ప్రయాణం 4 గంటలు, అక్కడ దింపి ఎక్కించుకోవడానికి ఒక గంట, తిరుగు ప్రయాణం మరో 4. మొత్తం 10. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొత్త నిబంధనల ప్రకారం రాత్రివేళను తాకే డ్యూటీకి గరిష్ఠ పరిమితి సరిగ్గా 10 గంటలు, అందులో ఎగిరే సమయం 8 గంటలు. కాగితం మీద ఫుకెట్ ఇమిడిపోతుంది. అక్కడ వాన పడి అరగంట ఆలస్యమైతే ఇమడదు.

బెంగళూరు నుంచి బాలీకి ఇంచుమించు 7 గంటలు కాబట్టి అక్కడ బస (లేఓవర్) తప్పదు. అప్పుడు వారానికి ఎన్ని విమానాలున్నాయన్నది కీలకం. రోజూ ఉంటే ఇవాళ వెళ్లినవాళ్లు రేపటి విమానం తెస్తారు. వారానికి మూడే ఉంటే రెండు రోజులు అక్కడే కూర్చోవాలి, లేదా ప్రయాణికుల్లా ఎక్కి వెనక్కి రావాలి. ‘బాలీలో రెండు రోజులు ఉచితంగానా, ఎంత అదృష్టం’ అంటారు బంధువులు. యాజమాన్యం కంటికి మాత్రం అవి ఎగరని జీతం, హోటల్ బిల్లు.

బ్రిటన్ నుంచి స్పెయిన్ ద్వీపం టెనెరిఫేకు కూడా 4 గంటల పైచిలుకే. అక్కడ కూడా సిబ్బంది వెళ్లి అదే రోజు తిరిగి వచ్చేస్తారు. యూరప్ నిబంధనల్లో ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 1.29 లోపు మొదలయ్యే రెండు సర్వీసుల డ్యూటీకి 13 గంటలు, సాయంత్రం 5 తర్వాత మొదలైతే 11 గంటలే. పొద్దున బయలుదేరితే ఆలస్యాలకూ కాస్త చోటుంటుంది, సిబ్బంది రాత్రికి తమ మంచం మీద పడుకోగలరు. మన దగ్గర చాలా విమానాలు పగలంతా దేశీయ మార్గాల్లో తిరుగుతాయి. రాత్రి ఊరికే నిలబెట్టడం దేనికని ఆగ్నేయాసియాకో గల్ఫ్‌కో పంపుతారు. బ్యాంకాక్ విమానాలు అర్ధరాత్రి బయలుదేరడం వెనుక పెద్ద రహస్యమేమీ లేదు. అందుకే దూరం కంటే గడియారాన్ని ముందు చూడాలంటాను.

దీనికి మంగళూరును మించిన సాక్ష్యం లేదు. 2010 మే 21 రాత్రి అక్కడి నుంచి దుబాయ్ వెళ్లిన సిబ్బందే విమానాన్ని వెంటనే వెనక్కి తెచ్చారు. 22 తెల్లవారుజామున అది రన్‌వే దాటి లోయలో పడింది, 158 మంది చనిపోయారు. కెప్టెన్ దారిలో గంటన్నరకు పైగా నిద్రపోయాడని, ఆ మత్తు నిర్ణయాలను దెబ్బతీసి ఉండవచ్చని విచారణ తేల్చింది. డ్యూటీకి ముందు ఆయనకు తగినంత విశ్రాంతి సమయం ఇచ్చారనీ అదే నివేదిక చెప్పింది. అంటే రోస్టర్‌లో తప్పు లేదు. తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య శరీరం నిద్రకే మొగ్గుతుంది, అంతకుముందు ఎన్ని గంటలు పడుకున్నా సరే.

2024 జనవరిలో డీజీసీఏ ప్రకటించిన సవరణలు ఈ సంగతిని కొంతైనా గుర్తించాయి. వారానికోసారి ఇచ్చే విశ్రాంతి 36 నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రి అంటే 12 నుంచి 6 వరకు అని తేల్చారు. రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. ఆ ఏడాది జూన్‌లో అమలు కావాల్సినవి వాయిదా పడి, వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక 2025 జులై, నవంబరుల్లో రెండు విడతలుగా వచ్చాయి. ఇంత వ్యవధి ఉన్నా డిసెంబరులో ఇండిగో చేతులెత్తేసింది. 5వ తేదీ ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. దాంతో డీజీసీఏ ఆ సంస్థకు ఫిబ్రవరి 10 వరకు రాత్రి నిబంధనల్లో మినహాయింపు ఇచ్చింది. సరిపడా పైలట్లను నియమించుకోని సంస్థకే వెసులుబాటు దక్కింది. నిబంధనల వల్లే విమానాలు ఆగాయన్న ప్రచారాన్ని నేను ఒప్పుకోను.

ఇదంతా పైలట్ల సంగతి. కేబిన్ సిబ్బందికి వేరే నిబంధనలున్నాయి, ఈ సవరణలు వాళ్ల దాకా రాలేదు. వాళ్లూ అదే విమానంలో, అదే రాత్రి మేలుకుని ఉంటారు.

సంస్థలు మూడు నెలలకోసారి అలసటపై నివేదిక ఇవ్వాలని కొత్త నిబంధనల్లోనే ఉంది. వాటిని మార్గాల వారీగా బయటపెట్టాలి. రాత్రి వెళ్లి వచ్చే ప్రతి జంట సర్వీసుకు టైమ్‌టేబుల్ సమయం బదులు గత సీజన్‌లో నిజంగా పట్టిన సమయం లెక్కలోకి తీసుకోవాలి. అది తరచూ 10 గంటలు దాటే చోట లేఓవర్ తప్పనిసరి చేయాలి. హోటల్ గదుల ఖర్చు టికెట్ల మీద పడుతుంది, పడనివ్వండి.