సంలీనం గారికి, చీనీ తోట గట్టు మీద నుంచి

మహారాజశ్రీ హైడ్రోజన్ సంలీనం గారికి,

అనంతపురం జిల్లా నుంచి అయిదు హార్స్‌పవర్ మోటరు ఆసామి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడానికి లేదు. అక్కడ మీ క్షేమం అడుగుదామంటే, హైడ్రోజన్ అణువుల గర్భాలను ఒకటిగా కలిపి కరెంటు తీస్తారంటున్న మీరింకా పుట్టలేదు.

మీ ఆస్తి లెక్క మావాడు ఫోన్లో చూపించాడు. లీటరు సముద్రపు నీళ్లలో 33 మిల్లీగ్రాముల డ్యుటీరియం (బరువు హైడ్రోజన్) ఉంటుందట, దాన్నంతా మీ పద్ధతిలో మండిస్తే 300 లీటర్ల పెట్రోలుతో సమానమట. విని మా బోరు దిక్కు చూశాను. వెయ్యి అడుగులు. లీటరు నీళ్లు పైకి రావాలన్నా ముందు కరెంటు రావాల కదా సామీ!

1955లో జెనీవాలో మన అణు శాస్త్రవేత్త హోమీ భాభా గారు, ఇంకో 20 ఏళ్లలో మిమ్మల్ని అదుపులో పెట్టే దారి దొరుకుతుందన్నారు. ఇప్పుడు ఫ్రాన్స్‌లో మన దేశం కూడా వాటా వేసి కడుతున్న మీ ప్రయోగాల కొలిమి ఈటర్‌లో అసలు ఇంధనం మండించేది 2039లోనట. చీనీ (బత్తాయి) మొక్క నయం, అయిదో ఏడు కాపుకొస్తుంది.

మీరేమీ చేయలేదనను. 2022 డిసెంబరులో అమెరికాలో లేజర్లతో 2.05 మెగాజౌళ్లు పోస్తే 3.15 ఇచ్చారు. పేపర్ల నిండా మీరే. బిల్లు చదివే అలవాటు కొద్దీ యూనిట్లలోకి మార్చి చూశాను. ఒక్క యూనిట్ కూడా లేదు, మా మోటరు పావుగంట తిరగదు. ఆ లేజర్లు గ్రిడ్ నుంచి తాగింది మాత్రం సుమారు 300 మెగాజౌళ్లు, అంటే 83 యూనిట్లు. ఈ మాదిరి సేద్యం మేం ఎప్పటి నుంచో చేస్తున్నాం.

మీకు 15 కోట్ల డిగ్రీల వేడి కావాలట, సూర్యుడి నడిగర్భానికి పది రెట్లు. (ఆయనకు ఒంటి బరువే నొక్కి పెడుతుంది, అందుకే తక్కువ వేడి చాలు, మీకా భాగ్యం లేదు.) ఇక్కడ 42కే ట్రాన్స్‌ఫార్మర్ చచ్చిపోతుంది. పోయిన ఎండాకాలం అట్లాగే కాలితే, కరెంటోళ్ల కోసం నాలుగు రోజులు చూసి, తలా ఇంత వేసుకుని మేమే ట్రాక్టర్‌కు ఎత్తాం. నూనె కారిన పంచె ఎన్ని ఉతుకులు ఉతికినా తెల్లబడలేదు. ఆ నాలుగు రోజులకే పిందె రాలిపోయింది.

మీ పెద్దన్న మాత్రం నెత్తి మీదే ఉన్నాడు. సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ కరిగించి, దరఖాస్తు అడక్కుండా ఇస్తున్నాడు. మా దిక్కు ఎన్.పి.కుంటలో ఆయన్ను సోలార్ పలకల మీద పట్టి గ్రిడ్‌కు పంపుతున్నారు.

ఒకటే మనవి. వచ్చేటప్పుడు పగటిపూట రండి. రాత్రి రెండింటికి వస్తే పాదులకు నీళ్లు మళ్లించేటప్పుడు టార్చి పట్టుకునే మనిషి దొరకడం లేదు. పాములున్నాయి.

ఇట్లు,
తమ రాక కోసం స్టార్టర్ డబ్బా తెరిచి కూర్చున్న,
సర్వీసు నంబరు పాతదే.