పొట్ట పెట్టిన పేరు

మా అన్నయ్య కొడుకు సిడ్నీలో ఉంటాడు. వాడికి కొడుకు పుట్టి ఇరవై రోజులైంది. పేరు మాత్రం ఇంకా పుట్టలేదు. అక్కడి వాళ్ల నోరు తిరగాలి, ఇక్కడి వాళ్ల నోరూ తిరగాలి, గొప్ప అర్థం ఉండాలి, లోకంలో ఇంకెవరికీ ఉండకూడదు. పంచాయతీరాజ్ రోడ్డు టెండరుకి కూడా ఇన్ని షరతులు పెట్టరు.

ఇంతలో వాడి ఆఫీసులో ఒకాయన "డాలీ అని పెట్టు, మా ఊళ్లో అది చాలా పెద్ద పేరు" అన్నాడట. మన దగ్గర డాలీ అంటే ఆడపిల్లకో, పొమరేనియన్ కుక్కకో పెట్టుకునే పేరు. మావాడికి అనుమానం వచ్చి ఫోనులో ఉన్న పేర్ల యాప్‌ని అడిగి, అది చెప్పింది చెప్పినట్టు నాకు పంపాడు.

"డాలీ. మూలం: సంస్కృతం. అర్థం: దివ్యకాంతి గలవాడు, ధైర్యశాలి, ప్రకృతి ప్రేమికుడు. అదృష్ట సంఖ్య 7. అదృష్ట రంగు లేత నీలం."

ఆ పూట నాకు అన్నం సయించలేదు. పాణిని మహర్షికి కూడా సయించి ఉండదు. పరీక్షగా ఉంటుందని నేనే ఆ యాప్‌లో "సాంబారు" అని కొట్టి చూశాను. శివాంశ సంభూతుడు, ప్రశాంత స్వభావి అని వచ్చింది. "పకోడీ" అన్నాను. తేజస్సు గలవాడు అంది. మా ఇంట్లో సాయంత్రం నాలుగింటికి పకోడీకి నిజంగానే తేజస్సు ఉంటుంది కనుక దాన్ని వదిలేశాను. డాలీని మాత్రం వదల్లేను. ఎందుకంటే ఆ పేరు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. అది వేదంలో పుట్టలేదు. ఒక మంత్రిగారి పొట్టలో పుట్టింది.

1883 ఏప్రిల్ 12న సిడ్నీలోని బాల్మెయిన్‌లో, పడవలు తయారుచేసే మెసెంజర్ల ఇంట మగపిల్లాడు పుట్టాడు. హెర్బర్ట్ హెన్రీ అని పేరు పెట్టారు. అర్థాల పిచ్చి ఉన్నవాళ్లు కాస్త సర్దుకుని కూర్చోండి. ఈ పేర్లకి నిజంగానే అర్థాలున్నాయి. రెండూ పాత జర్మన్ మాటల్లోంచి వచ్చాయి. హెర్బర్ట్ అంటే సేనలో వెలుగొందేవాడు. హెన్రీ అంటే ఇంటికి ఏలిక. ఇక ఇంటిపేరు మెసెంజర్ అంటే వార్త మోసేవాడు, మన భాషలో దూత. సేనానాయకుడూ, గృహాధిపతీ, రాయబారీ ముగ్గురూ కలిసి ఒకే ఉయ్యాలలో పడుకున్నారన్నమాట. ఏ యాప్ అయినా ఆ ఉయ్యాల ముందు సాష్టాంగపడాల్సిందే.

కానీ పిల్లాడికి బొజ్జ ఉంది.

ఆ రోజుల్లో న్యూ సౌత్ వేల్స్ వలస రాజ్యంలో బొజ్జ అంటే విలియం బీడ్ డాలీ గారిదే. ఆయన సామాన్యుడు కాదు. శిక్షపడి ఓడల్లో వచ్చిన ఖైదీలకు 1831లో సిడ్నీలోనే పుట్టి, లాయరై, మహావక్తై, అటార్నీ జనరలయ్యాడు. 1885లో ప్రధాని స్థానంలో తాత్కాలికంగా కూర్చున్నవాడు ఊరికే కూర్చోకుండా, బ్రిటిష్ వాళ్ల యుద్ధానికి సుమారు 750 మంది సైనికుల్ని సూడాన్‌కి ఓడెక్కించాడు. వాళ్లు చెప్పుకోదగ్గ యుద్ధమేమీ చేయకుండానే కొద్ది నెలల్లో తిరిగొచ్చారు. మరుసటేడు రాణిగారి సలహా సభ ప్రివీ కౌన్సిల్‌లో చోటు దక్కిన మొదటి ఆస్ట్రేలియా వాడు కూడా ఆయనే. ఇంత చేసినా బాల్మెయిన్ జనానికి డాలీ గారంటే ముందుగా గుర్తొచ్చింది ఆయన ముందుగా నడిచే భాగమే. చంటివాడిని చూసి "అచ్చం డాలీ పొట్టే" అన్నారు. ఆ మొదటి మాట ఏ పక్కింటి పిన్నిగారిదో చరిత్ర రాసుకోలేదు. పేరు మాత్రం అతుక్కుపోయింది. స్పెల్లింగులో ఒక్క 'ఈ' జారిపోయిందంతే, పొట్ట జారలేదు.

పిల్లాడికి బొజ్జ కరిగింది. డబుల్ బేలో తండ్రి పడవల షెడ్డులో పెరిగి, రగ్బీ ఆటలో ఆ దేశం ముక్కున వేలేసుకునేంత మొనగాడయ్యాడు. మైదానంలో ఎంత దూరం నుంచి తన్నినా బంతి కొయ్యల మధ్యలోంచి పోయేది. జనం 'మాస్టర్' అన్నారు. అయినా పిలిచేటప్పుడు డాలీయే. హెర్బర్ట్ బడి రిజిస్టరులో మిగిలాడు.

ఇక్కడ నాతోపాటు ఒక్కసారి కళ్లు మూసుకోండి. సిడ్నీ, 1883. డాలీ గారు ఫలహారానికి కూర్చున్నారు. ముందు వేపిన మాంసం ముక్కలున్నాయి. వడ్డించేవాడు వంగి, "అయ్యా, ఇంకొక్కటి?" అంటాడు. డాలీ గారు ఆలోచనలో పడతారు. ఆయన ఆలోచిస్తున్నది రాజ్యాంగం గురించి కావచ్చు, ముక్క గురించే కావచ్చు. "వెయ్యి" అంటారు. అంతే, ఆస్ట్రేలియా క్రీడాచరిత్ర ఒక అంగుళం ముందుకి జరిగింది. ఆయన తిన్న ప్రతి ముక్కా పొట్టగా మారింది. పొట్ట పోలిక అయింది, పోలిక ముద్దుపేరైంది, ముద్దుపేరు ఆటగాడితో పాటు ఊరూరా తిరిగింది. 1980 నుంచి ఆ దేశపు రగ్బీ లీగ్‌లో ఏడాది మొత్తానికి మేటి ఆటగాడికి ఇచ్చే పతకం పేరు 'డాలీ ఎం'. ఎం అంటే మెసెంజర్. మ్యాచ్ మ్యాచ్‌కీ మూడు, రెండు, ఒకటి అని మార్కులు వేసి, సీజన్ చివర లెక్క తేల్చి ఇస్తారు. ఆరడుగుల మనిషి, మెడ ఎక్కడ మొదలై భుజం ఎక్కడ ముగుస్తుందో తెలియనంత కండ ఉన్నవాడు, సూటు తొడుక్కుని వేదికెక్కి గద్గద స్వరంతో అమ్మకీ నాన్నకీ కోచ్‌కీ కృతజ్ఞతలు చెప్పుకుంటాడు. డాలీ గారి వంటవాడికి ఇంతవరకూ ఒక్కడూ చెప్పలేదు. జొనాథన్ థర్స్టన్ అనే మహానుభావుడు ఆ పతకాన్ని నాలుగుసార్లు గెలిచాడు. అంటే ఒక మంత్రి పొట్టని నాలుగుసార్లు మెళ్లో వేసుకున్నాడు. ఆ రోజు డాలీ గారు డాక్టరు మాట విని గంజి తాగి లేచి ఉంటే, ఇవాళ వాళ్లు 'హెర్బర్ట్ ఎం' పతకం కోసం ఎముకలు విరగ్గొట్టుకోవాల్సి వచ్చేది. అంత దరిద్రపు పేరున్న పతకం కోసం ఎవడు విరగ్గొట్టుకుంటాడు?

ఆ యాప్‌కి ఇదంతా తెలియదు. తెలిసినా చెప్పదు. పొట్ట అని రాస్తే అదృష్ట రంగు ఏం వేస్తుంది పాపం.

అసలు కథ ఇంకొకటుంది. అది కూడా పొట్టదే, కాకపోతే ఇది నిండిన పొట్ట కాదు.

రగ్బీ ఆట పెద్దలకి ఒక నియమం ఉండేది. ఆట ఆనందం కోసం ఆడాలి, దమ్మిడీ ముట్టకూడదు. చాలా పవిత్రమైన నియమం. శనివారం మిల్లులోనో గనిలోనో సగం పూట పని మానుకుని ఆడే మనిషికి పోయిన కూలి ఇమ్మని ఇంగ్లండు ఉత్తరాది క్లబ్బులు అడిగితే, ససేమిరా అన్నారు. తాతల ఆస్తి ఉన్నవాడికి శనివారం కూలి పోదు కదా, వాడికి ఆనందం మాత్రమే వస్తుంది. దాంతో 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో కూర్చుని ఆ క్లబ్బులు వేరుకుంపటి పెట్టుకున్నాయి. రగ్బీ లీగ్ అనే ఆట పుట్టింది అక్కడే. పుట్టించింది కూలి డబ్బులు.

సిడ్నీలోనూ అదే తంతు. 1907 జూలైలో న్యూజిలాండ్ జట్టు వస్తే ఒక్క మ్యాచ్‌కే యాభై వేలకి పైగా జనం వచ్చారు. టిక్కెట్ల డబ్బు పవిత్రంగా పాత ఆటని నడిపే రగ్బీ యూనియన్ పెట్టెలోకి పోయింది. డబ్బు పెట్టెలో ఉంటే మైలపడదు, ఆటగాడి జేబులో ఉంటేనే మైల. అలెక్ బర్డన్ అని క్షౌరం చేసి బతికే ఆటగాడు ఒకడు యూనియన్ తరఫున ఆడుతూ గాయపడి పనికి దూరమైతే, వాళ్లు పైసా విదల్చలేదు. అది చూసి మండిపోయినవాళ్లలో ఒకడు క్రికెట్ ఆటగాడు విక్టర్ ట్రంపర్. అవును, 1902లో ఓల్డ్ ట్రాఫర్డ్ టెస్టు మొదటిరోజు భోజన విరామం లోపే సెంచరీ బాదిన ఆ ట్రంపరే. సిడ్నీలో అతనికి ఆటసామాన్ల దుకాణం ఉండేది. మంతనాలన్నీ దాంట్లోనే. ఆగస్టు 8న కొత్త లీగ్ పెట్టారు. ట్రంపర్ కోశాధికారి, జేమ్స్ గిల్టినన్ కార్యదర్శి. అంతా బాగుంది, కానీ జనం రావాలంటే డాలీ రావాలి. డాలీ తల్లి మాట అడిగి మరీ ఒప్పుకున్నాడని చెబుతారు. డబ్బు తీసుకుని ఆడేందుకు న్యూజిలాండ్ నుంచి దిగిన జట్టుకి పత్రికలవాళ్లు 'ఆల్ గోల్డ్స్' అని వెక్కిరింపు పేరు పెట్టారు. న్యూజిలాండ్ రగ్బీ జట్టుకున్న 'ఆల్ బ్లాక్స్' పేరు మీద విరుపు. ఆ వెక్కిరింపు కూడా చరిత్రలో గౌరవంగా నిలబడిపోయింది, అది వేరే సంగతి. ఆగస్టు 17న వాళ్ల మీద మొదటి మ్యాచ్. కొత్త ఆట రూల్సు పుస్తకాలు ఇంగ్లండు నుంచి ఇంకా రాలేదు కనుక పాత రూల్సుతోనే ఆడేశారు. మన పెళ్లిళ్లలో పురోహితుడు రాకముందే భోజనాలు మొదలైనట్టు.

అప్పుడు యూనియన్ ఏం చేసింది? డాలీని వెలివేసింది. అక్కడితో ఆగలేదు. తమ పుస్తకాల్లోంచి అతని ఆటని తీసేసింది. అతను కొట్టిన పాయింట్లు కొట్టనట్టు, ఆడిన మ్యాచ్‌లు ఆడనట్టు! జూలైలో అతన్ని చూడ్డానికి టిక్కెట్టు కొన్న వాళ్ల డబ్బులు వెనక్కిచ్చారా? ఇవ్వలేదు. డబ్బు ఉంచుకున్నారు, పేరు కొట్టేశారు. మళ్లీ ఆ రికార్డుల్ని తెచ్చి పెట్టింది ఎప్పుడో తెలుసా? 2007లో. నూరేళ్లకి. అప్పటికి అతను పోయి నలభై ఎనిమిదేళ్లు. తిండి కోసం ఆడిన మనిషిని చూసి సిగ్గుపడిన ఆ పెద్దమనుషులకి, వాళ్ల చేతుల్లో ఉన్న కొట్టివేతల పెన్నుని చూసి మాత్రం సిగ్గేయలేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను రగ్బీ బంతిని చేత్తో ముట్టి ఎరగను. అయినా మండుతుంది.

ఎందుకు మండుతుందో చెప్తాను. మావాడు బారసాల కార్డు నమూనా కూడా పంపాడు. తాతముత్తాతల పేర్లు బంగారు అక్షరాల్లో వేయించాడు. మా తాత పేరు దగ్గర "కీ.శే. తపోధన్ గారు" అని ఉంది.

మా తాత పేరు తవుడు.

ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, పుట్టినవాణ్ణి తవుడుకి అమ్మేసినట్టు అమ్మి, మళ్లీ తెచ్చుకునేవారు. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకుంటే పెంటయ్య. పనికిరానిదనుకుని మృత్యువు వదిలేస్తుందని ఆశ. మా ముత్తవ్వ ముగ్గురు పిల్లల్ని మట్టిలో పెట్టి, నాలుగోవాడిని చేతులో పట్టుకుని పక్కింటావిడ గుమ్మంలో నిలబడి, చేటెడు తవుడుకి బేరం ఆడింది. ఆ పేరుకి అర్థం కావాలట వీళ్లకి! ఆ పేరుకి ఉన్నంత అర్థం మీ యాప్‌లో ఉన్న పాతిక వేల పేర్లకీ కలిపి ఉందా? తవుడు అని వేస్తే బాగోదు బాబాయ్, ఆఫీసు వాళ్లు వస్తారు, అన్నాడు. ఆ ఆఫీసు వాళ్లు మంత్రి పొట్ట పేరున్న పతకానికి లేచి నిలబడి చప్పట్లు కొడతార్రా! తవుడుకి నువ్వు తపస్సు చేయించావు. ఆయన జన్మలో తపస్సు చెయ్యలేదు. వ్యవసాయం చేశాడు. ఆ వ్యవసాయంతోనే మీ నాన్న చదివాడు, ఆ చదువుతోనే నువ్వు విమానం ఎక్కావు.

ఇదంతా ఫోనులో అరిచాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత "కార్డు ఇంకా ప్రింటుకి ఇవ్వలేదులే" అన్నాడు. తవుడు అని మారుస్తానన్నాడో లేదో ఇంతవరకూ నాకు ఖాయంగా తెలియదు.

నిన్న రాత్రి వీడియోలో పిల్లాణ్ణి చూపించారు. పేరు ఖాయమైందట. మూడు అక్షరాలు, చివర్న 'ష్' ఉంది, దివ్యకాంతి గలవాడు అని అర్థం. నేను రెండుసార్లు పలికి రెండుసార్లూ తప్పాను. వదిన పక్క నుంచి ఫోను లాక్కుని, చొక్కా పైకి జరిగిన మనవడిని తేరిపారా చూసి, "ఒరే బొజ్జోడా! నా బొజ్జ గణపయ్యా!" అంది. వాడు వెంటనే తల తిప్పి చూశాడు.

మావాడు కంగారుపడి అప్పటికప్పుడే యాప్‌లో వెతికాడు. బొజ్జ అనే పేరు తమ దగ్గర లేదంది. "మీ ఉద్దేశం భోజ అయి ఉంటుందా? మూలం: సంస్కృతం. అర్థం: మహారాజు, ధైర్యశాలి, ప్రకృతి ప్రేమికుడు."