ఒక్క స్పూన్ పాలపొడే కదండీ!

నిరుడు అక్క పుట్టినరోజున నేను చేసిన నిర్వాకం ముందు చెప్పేస్తాను. ఆ తర్వాత ఎవరిని తిట్టినా అందులో నా వాటా నాకు ఉంటుంది.

అక్క వీగన్ అయి ఐదేళ్ళు. మాంసం, గుడ్లు సరే, పాలు, వెన్న, జున్ను, తేనె కూడా మానేసింది. ఎవరికీ పాఠాలు చెప్పదు, ఎవరి ప్లేట్‌లోకీ తొంగిచూడదు. ఫంక్షన్లకి ముందే ఇంట్లో తినేసి వస్తుంది, ఎవరూ ఇబ్బంది పడకూడదని. అలాంటి మనిషికి కనీసం ఆమె పుట్టినరోజునైనా ఆమె తినగలిగే కేక్ పెట్టాలని నా ఆశ. ఒక షాపుకి ఫోన్ చేసి "పూర్తిగా వీగన్ కేక్ కావాలి, చేస్తారా?" అన్నాను. "అయిపోతుంది సార్" అన్నారు. అంతే. పని అయిపోయిందనుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

కేక్ ముచ్చటగా వచ్చింది. అక్క కొవ్వొత్తులు ఊదింది, కోసింది, మొదటి ముక్క ప్లేట్‌లో పెట్టుకుంది. ఫోర్కు చేతిలోకి తీసుకుని, "క్రీమ్ దేంతో చేశార్రా?" అని అడిగింది. నాకు తెలియదు. ధీమాగా షాపుకి ఫోన్ కలిపి స్పీకర్ ఆన్ చేశాను. అది ఇంకో తెలివైన పని. గదిలో ఇరవై మంది వింటుండగా అవతలి గొంతు, "క్రీమ్ నాన్ డెయిరీనే సార్. కేక్‌లోనే మెత్తగా రావాలని కొంచెం పాలపొడి వేశాం. ఒక్క స్పూన్ పాలపొడే కదండీ" అంది.

అక్క ఏమీ అనలేదు. ప్లేట్ నా వైపు జరిపి, "నువ్వు తినేయ్‌రా, నాకు బ్లాక్ కాఫీ చాలు" అంది. తర్వాత అందరికీ తనే ముక్కలు కోసి ఇచ్చింది, పిల్లలకి పువ్వులున్న ముక్కలు ఏరి మరీ పెట్టింది. ఆమె ఫోర్కు మాత్రం ఆ సాయంత్రమంతా శుభ్రంగానే ఉంది.

అమ్మ తన పద్ధతిలో సర్దిచెప్పింది: "ఒక్క స్పూన్‌కి ఏమవుతుందే? తెలియనట్టు తినేయ్." పెదనాన్న ఎప్పుడూ రెడీగా ఉంచుకునే ప్రశ్న బయటికి తీశారు: "మొక్కలకి మాత్రం ప్రాణం లేదా?" ఆ చర్చ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. అక్క నమ్మకం మీకు సబబుగా అనిపిస్తుందో, చాదస్తంగా అనిపిస్తుందో మీ ఇష్టం. కానీ ఆ చర్చకి టేబుల్‌గా ఆమె పుట్టినరోజు కేకే దొరికిందా? చెప్పుల కొలత ఇచ్చాక ఒక నంబర్ చిన్నది కుట్టి, "ఒక్క నంబరే కదండీ" అంటే ఊరుకుంటామా?

ఆ తర్వాత ఏడాది పాటు నేను ప్యాకెట్ల వెనక రాసినవి చదివే మనిషినైపోయాను. మామూలు కేక్‌లోకి జంతువు ఎన్ని దారుల్లో వస్తుందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. గుడ్లు, పాలు, వెన్న ముందు గుమ్మంలోంచి వస్తాయి, వాటిని అందరూ పట్టుకుంటారు. అసలు తంటా దొడ్డిదారిన వచ్చేవాటితో. "నాన్ డెయిరీ" అని ముందు పెద్ద అక్షరాలతో ఉన్న క్రీమ్ డబ్బా తిప్పి చూస్తే, వెనక చీమ తలంత అక్షరాల్లో సోడియం కేసినేట్ అని ఉండొచ్చు. అది పాల ప్రొటీనే. వైట్ చాక్లెట్‌లో పాలపొడి ఉంటుంది. డార్క్ చాక్లెట్ అన్న మాట చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు, కొన్నింట్లో పాల కొవ్వు కలుపుతారు. మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయిల్లో, కొన్ని రకాల ఫాండెంట్‌లో (కేక్‌ని కప్పే చక్కెర ముద్ద) జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసేది. కేక్ మీద చల్లే రంగురంగుల చక్కెర గుళికలు అలా మెరుస్తున్నాయంటే చాలాసార్లు షెల్లాక్ చలవే. లేబుల్ మీద ఇ904 అని ఉంటుంది. షెల్లాక్ అంటే ఇంకేమీ కాదు, లక్క. లక్క పురుగు ఇచ్చే లక్కే. ఇక ఎర్ర రంగు ఇ120 అయితే అది నాగజెముడు మీద బతికే కోచినియల్ అనే పురుగుల్ని ఎండబెట్టి తీసింది. ఇది తెలిశాక నేను ఎర్ర గులాబీ వేసిన ఏ కేక్‌నీ పాత కళ్ళతో చూడలేకపోతున్నాను. నేను వీగన్ కాదు, అయినా.

కాబట్టి దయచేసి "ఎగ్‌లెస్ ఉంది సార్, అదే కదా" అనకండి. అదే కాదు. గుడ్డు తీసేసిన కేక్‌లో చాలాసార్లు ఆ లోటు పూడ్చేది పాలే: పెరుగు, కండెన్స్‌డ్ మిల్క్, పాలపొడి. అంటే ఎగ్‌లెస్ కేక్ వీగన్‌కి దగ్గరగా వచ్చినట్టు కనిపిస్తూనే, పాల విషయంలో మామూలు కేక్ కంటే దూరం వెళ్ళిపోవచ్చు. నిజానికి వీగన్ అనే మాట పుట్టిందే ఈ తికమక తీర్చడానికి. 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు పాలు కూడా ముట్టని శాకాహారులకి వేరే పేరుండాలని, వెజిటేరియన్ అనే ఇంగ్లిష్ మాటలో మొదటి మూడు అక్షరాలు, చివరి రెండు అక్షరాలు తీసుకుని ఆ పేరు కట్టారు. ఎనభై ఏళ్ళు దాటినా "పాలు పర్వాలేదు కదా సార్?" అనే ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

రెండో తలనొప్పి ఇంకోటి ఉంది. వీగన్ అనగానే అవతలివాళ్ళు దాన్ని పథ్యం అనుకుంటారు. "అయితే చక్కెర తీసేసి ఖర్జూరాలు వేస్తాం. మైదా బదులు ఓట్స్ వేస్తాం." ఎవరడిగారండీ? మా అక్కకి జబ్బేమీ లేదు. ఆమెకి కావలసింది గాఢమైన చాక్లెట్ కేక్, మధ్యలో కాఫీ క్రీమ్, నాలుక మీద పడగానే కళ్ళు మూసుకునేంత తీపి. చక్కెర చెరుకు నుంచో దుంప నుంచో వస్తుంది, మైదా గోధుమ నుంచి వస్తుంది. వీగన్‌లకి తీపి తినే హక్కు లేదని ఏ శాస్త్రంలో రాసుంది? నిరుడు నేను చేసిన ఇంకో పొరపాటు ఇదే. "వీగన్ కేక్ కావాలి" అన్నానే గానీ, ఏ రుచి కావాలో చెప్పనే లేదు. అందరం మనుషుల ఇష్టాలు అడిగి కేక్ చెప్పిస్తాం, వీగన్‌ల దగ్గరికొచ్చేసరికి నియమాలు అడిగి ఊరుకుంటాం.

ఈసారి నెల ముందే మొదలుపెట్టాను. మొదటి చోట "అన్నీ చేస్తాం సార్" అన్నారు. క్రీమ్ ఏ రకమని అడిగితే "మంచి రకమే సార్" అన్నారు. నమస్కారం పెట్టేశాను. రెండో చోట ఎగ్‌లెస్ పాటే. మూడో ఆవిడ ఇంట్లోనే కేకులు చేస్తారు. నేను నోరు తెరవగానే ఎదురు ప్రశ్న వేశారు: "వీగనా అండీ, లేక పాలు పడకపోవడమా?"

ఎందుకలా అడుగుతున్నారని అడిగాను. "నా వంటగదిలో రోజూ వెన్న వాడతాను. గిన్నెలు, బీటర్ బాగా కడిగి మీ కేక్ చేస్తాను, అందులో పాలు వెయ్యను. కానీ గాల్లో పాలపొడి కూడా లేదని రాసివ్వలేను. మీ అక్కగారికి పాల అలర్జీ అయితే ఆర్డర్ తీసుకోను" అన్నారు. అప్పుడే ఖాయం చేసుకున్నాను, కేక్ ఈవిడ దగ్గరేనని. ఏడాదిగా "చేస్తాం" అన్నవాళ్ళనే చూశాను, "చెయ్యను" అన్న మొదటి మనిషి ఈవిడ. ఏది చేతకాదో తెలిసినవాళ్ళకే చేతనైన పని మీద పట్టుంటుంది. (అలర్జీ ఉన్నవాళ్ళింట్లో ఎవరైనా ఇది చదువుతుంటే ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. వీగన్ అని రాసున్నంత మాత్రాన అది అలర్జీకి భద్రం కాదు. పాల జాడలు తగలొచ్చు. పైగా వీగన్ కేకుల్లో సోయా, జీడిపప్పు, బాదం ధారాళంగా వాడతారు.)

తర్వాత మా మధ్య నడిచిన మెసేజ్‌లు చూస్తే పెళ్ళి మాటలు జరుగుతున్నాయనుకుంటారు. క్రీమ్ డబ్బా వెనక ఫోటో, చాక్లెట్ ప్యాకెట్ ఫోటో, వెన్న బదులు వాడే మార్జరిన్ ఫోటో. ఒకదాంట్లో ఆవిడ బొటనవేలు సరిగ్గా కావలసిన చోటే అడ్డొచ్చింది. "వేలు తీసి మళ్ళీ పంపండి" అన్నాను సిగ్గు లేకుండా. పంపారు. అందులో పాల ఘన పదార్థాలు అని ఉంది. "అయ్యో, ఇది వద్దు, వేరేది తెస్తాను" అన్నారు. నిరుటి అక్క ప్లేట్ గుర్తొచ్చింది. ఆ బొటనవేలి కింద ఉన్న ఒక్క లైన్ దూరంలోనే ఈసారీ అదే కథ అయ్యేది.

గుడ్డు లేకుండా ఎలా పొంగుతుందని అడిగితే ఓపిగ్గా చెప్పారు. గుడ్డు చేసే పనులు చాలా: పట్టి ఉంచాలి, గాలి నింపాలి, తడి నిలపాలి. అందుకని ఏ కేక్‌కైనా ఒకే బదులు పనికిరాదు. అవిసె గింజల పొడి ఒక స్పూన్, నీళ్ళు మూడు స్పూన్లు కలిపితే ఒక గుడ్డంత పట్టు వస్తుంది గానీ తెల్ల కేక్‌లో గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. అరటిపండు వేస్తే ఏ కేక్ అయినా అరటిపండు కేక్ అయి కూర్చుంటుంది. నురగ కావాలంటే కాబూలీ శనగలు ఉడికించిన నీళ్ళు. నమ్మలేదు నేను, కానీ నిజం. జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచ్ సంగీతకారుడు ఆ నీళ్ళు గుడ్డు తెల్లసొనలా గిలక్కొట్టవచ్చని 2014లో కనిపెట్టాడు, మరుసటి ఏడు దానికి ఆక్వాఫాబా అని పేరు పడింది. చాక్లెట్ కేక్‌కైతే అంత హంగామా కూడా అక్కర్లేదట. నూనె, కోకో, వంటసోడా, కొంచెం వెనిగర్. సోడా, వెనిగర్ కలవగానే బొగ్గుపులుసు వాయువు బుడగలు పుడతాయి, అవి పోయేలోపు గిన్నె ఓవెన్‌లోకి వెళ్ళాలి. "ఆ పది నిమిషాలూ మీరు ఫోన్ చేసినా ఎత్తను" అని ముందే చెప్పారు.

వేరే మనిషి ఒంటికి తగ్గట్టు వంట మార్చుకోవడం కొత్తేమీ కాదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అని ఒక కెమిస్ట్ ఉండేవాడు. భార్యకి గుడ్లు పడవని 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి చేశాడు. ఆమెకి ఈస్ట్ కూడా పడదని 1843లో బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. ఆ కస్టర్డ్ పాలతో కలిపేదే, వీగన్ కాదు. కానీ ఆయన "ఒక్క గుడ్డే కదా, తినేయ్" అనలేదు చూడండి.

"మీ హాల్లో ఏసీ ఉందా?" అని కూడా అడిగారు ఆవిడ. కేక్‌కీ ఏసీకీ ఏం సంబంధమంటే, కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, వెన్న పూర్తిగా కరగాలంటే 32 దాటాలి. కొబ్బరి కొవ్వుతో చేసిన క్రీమ్ గంటసేపు బయటుంటే పువ్వులన్నీ వాలిపోతాయి. నాకేమో మూడు అంతస్తుల కేక్ కావాలని మోజు. ఒక్క అంతస్తు చాలన్నారు. వైట్ చాక్లెట్ ధారలు వద్దన్నారు. ధర మామూలు కేక్ కంటే ఎక్కువే చెప్పారు. బేరమాడలేదు. ఫోటోలకే అంత సమయం పెట్టిన మనిషి దగ్గర బేరమేంటి?

ముందు రోజు రాత్రి ఆ లేబుల్ ఫోటోలన్నీ, మొత్తం తొమ్మిది, అక్కకి పంపించేశాను. సర్‌ప్రైజ్ పోతుందని మా ఆవిడ మొత్తుకుంది. పోనీ. అందరూ చూస్తుండగా ఆ ముక్కని అక్క అనుమానంగా చూడటం కంటే సర్‌ప్రైజ్ పోవడమే నయం. అక్క నుంచి పావుగంట జవాబు లేదు. తర్వాత వచ్చింది: "నాలుగో ఫోటో మసగ్గా ఉంది." మళ్ళీ పంపాను. "సరే" అంది.

కేక్ మీద వీగన్ అని రాయించలేదు, ఎవరికీ చెప్పలేదు. చెబితే తినకముందే "రుచి తేడాగా ఉంటుందేమో" అని మొహాలు పెడతారని తెలుసు. పెదనాన్న రెండుసార్లు వేయించుకున్నారు. అమ్మ మాత్రం అక్క వైపే చూస్తూ కూర్చుంది, తింటుందా తినదా అని.

అక్క మొదటి ముక్క మాట్లాడకుండా తినేసింది. రెండోది సగంలో ఆపి, ఫోర్కుతో పైనున్న ఎర్ర గులాబీని మెల్లగా కదిపింది.

"ఈ ఎరుపేంట్రా?"

"బీట్‌రూట్" అన్నాను.

గులాబీ మొత్తం నోట్లో వేసుకుంది.