‘టెక్సస్ ఎండకు సరిపోవును’ అన్న కాగితానికి

మహారాజశ్రీ తాబేలు సంరక్షణ పత్రం గారి సముఖానికి, డాలస్ శివారు నుంచి సల్కాటా అనే ఆఫ్రికా జాతి తాబేలు యజమాని ఒకడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనడానికి వీలు లేకపోయింది. తమరు ఫైలులో మడత నలగకుండా క్షేమంగానే ఉన్నారు గానీ, నా నడుము క్షేమంగా లేదు.

మొన్న శనివారం ఉదయం 22 డిగ్రీలున్నది రాత్రికి మైనస్ 5కు పడిపోతుందని వాతావరణ శాఖవారు ముందే చెప్పారు. ఆ కబురు అందని మా తాబేలు లడ్డూ మాత్రం కంచె పక్కన తాను తవ్వుకున్న ఆరడుగుల సొరంగంలోకి దూరి కూర్చుంది. ఈ ప్రాంతపు నేల మన గుంటూరు నల్లరేగడికి తోబుట్టువే కనుక, తడిస్తే బంక, ఎండితే బండ. రెండు రోజుల వాన తరువాత ఆ బంకలో పార పట్టుకుని ఒంటిగంట నుంచి అయిదు దాకా తవ్వాను. చెయ్యి తగిలిన ప్రతిసారీ అది నాలుగు కాళ్లూ బిగదన్ని, డిప్పను సొరంగం పైకప్పుకు ఆనించి, బుస్సుమని గాలి వదిలేది. చివరికి పాత తువ్వాలు డిప్ప కింద దూర్చి లాగితే 34 కిలోల శాల్తీ నా మోకాళ్ల మీదికి వచ్చి పడింది. గుమ్మంలో శాలువా కప్పుకుని ఈ వైభవమంతా చూస్తున్న మా అత్తయ్యగారిది శ్రీకాకుళం. “శ్రీకూర్మంలో తాబేళ్లు ఒంటిచేత్తో ఎత్తీసేలా ఉంటాయి కదా బాబూ, ఇదేటిది రుబ్బురోల్లాగుంది!” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తమరి దగ్గర ఉంటుందేమోనని లోపలికి వచ్చి, మట్టిచేతులతోనే ఫైలు తీశాను.

2015లో సరీసృపాల సంతలో, పాప చేతిలో లడ్డూ పరిమాణంలో ఉన్న పిల్లతోపాటు తమరు నా చేతికి వచ్చారు. తమరి ఒంటిమీద ఉన్నవి నాలుగే వాక్యాలు: ఎడారి జీవి, టెక్సస్ ఎండకు సరిపోవును, పొడిగా ఉంచవలెను, సంరక్షణ సులభము. ఇది గాలాపాగోస్, ఆల్డాబ్రా తాబేళ్ల తరువాత ప్రపంచంలో మూడో అతిపెద్ద నేల తాబేలన్న సంగతి బహుశా స్థలాభావం వల్ల రాయలేకపోయి ఉంటారు. ‘పొడిగా ఉంచవలెను’ అన్న సలహా మీద మాత్రం ఒక మనవి ఉంది. సల్కాటా పిల్లల డిప్పలు గోపురాల్లా పైకి లేవడానికి మాంసకృత్తులకంటే గాలిలో తేమ చాలకపోవడమే ప్రధాన కారణమని వియన్నా పరిశోధకులు 2003లోనే తేల్చారు. పన్నెండేళ్ల తరువాత కూడా తమరికి ఆ వార్త చేరలేదు. లడ్డూ వీపున లేచిన చిన్న చిన్న గోపురాలన్నీ తమరు ప్రతిష్ఠించినవే.

అవన్నీ క్షమిస్తాను. క్షమించలేనిది ఆ రెండో వాక్యం. వాతావరణం అంటే ఎండేనా అండీ? సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా సహారా దిగువన ఉన్న సాహెల్ ప్రాంతం ఈ తాబేలు పుట్టిల్లు. అక్కడ రాత్రి చల్లబడినా నేల లోపల వెచ్చదనం మిగిలే ఉంటుంది కనుక, సొరంగంలోకి వెళితే ప్రాణం దక్కుతుందని దానికి తరతరాలుగా తెలుసు. మా పెరట్లో జనవరి సొరంగం అంటే చన్నీళ్ల గుంట. మధ్య ఆసియాలో పుట్టిన రష్యన్ తాబేలు, మధ్యధరా తీరంలో పుట్టిన హెర్మన్ తాబేలు చలికాలమంతా నిద్రలో గడిపేస్తాయి, పైగా అన్నం పళ్లెం దాటి పెరగవు. సల్కాటాకు ఆ నిద్ర తెలియదు. చలి తగిలితే బిగుసుకుపోతుంది, ముక్కు కారుతుంది, ఊపిరితిత్తులకు జబ్బు వస్తుంది. ఈ ఒక్క తేడా రాయడానికి తమరిలో సగం పేజీ ఖాళీగా ఉంది. కొనేముందు జూలై ఎండ మాత్రమే కాదు, ఫిబ్రవరి రాత్రి కూడా చూసుకోమని ఎందుకు రాయలేదు?

2021 ఫిబ్రవరి 16న ఇక్కడ మైనస్ 19 అయింది. కరెంటు పోయింది, షెడ్డులో హీటరు చచ్చింది. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని, మధ్యలో తాబేలును పెట్టుకుని కూర్చున్నాం. ఆ రాత్రి టార్చి వేసుకుని నీలో ‘చలి’ అన్న మాట కోసం వెతికాను. లేదు. ఒక్కచోట కూడా లేదు. అబద్ధమాడావు. పాప ఏడుస్తుంటే, తాబేలు కళ్లు తెరుచుకుంటున్నాయో లేదో వేలితో తాకి చూస్తూ తెల్లవార్లూ కూర్చున్నది నేను. ‘సులభము’ అని రాసి చేతులు దులుపుకున్నదేమో నువ్వు.

క్షమించాలి, మర్యాద తప్పాను.

తమరి వంశంవారు ఇండియాకు కూడా చేరారని విన్నాను. ‘మన వాతావరణానికి బాగా సరిపోతుంది’ అని ఎవరో చెబితే హైదరాబాదులో మా తమ్ముడు నక్షత్ర తాబేలు కొనబోయాడు. సరిపోతుంది, నిజమే, రాయలసీమ పొదల్లో పుట్టిందే కదా! దాన్ని ఇంట్లో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద జైలు కూడా అంతే బాగా సరిపోతుందని నేనే ఫోన్ చేసి చెప్పవలసి వచ్చింది.

ఇక లడ్డూ విషయం. శనివారం రాత్రి షెడ్డులో చేర్చాక, అత్తయ్యగారు పూజకని ఇంట్లో కుండీలో కాపాడుకుంటున్న మందారాలు రెండు తెచ్చి దాని ముందు పెట్టారు. అది మెడ సాచి, మట్టి అంటిన ముక్కుతో ఒకసారి వాసన చూసి, రెండూ తిని, ఇంకా ఉన్నాయా అన్నట్టు ఆవిడ చెప్పులకేసి నడిచింది. మరునాడు దేవుడికి ఆకులతోనే సరిపెట్టారు.

తమరి వెనకవైపు పూర్తిగా ఖాళీ కనుక షెడ్డు తలుపుకు మేకు కొట్టి తగిలించాను. రోజూ రాత్రి లోపలి ఉష్ణోగ్రత అక్కడే రాస్తున్నాను. నిన్నటిది 27.

ఇట్లు,
తమరిని నమ్మినవాడు