మొదటి వారం ఖాళీగానే ఉంటుంది

మాస్టొడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో కొత్తగా ఖాతా తెరిచినవాళ్లు నాతో ఎక్కువగా అనే మాట ఒకటే: "లోపల ఎవరూ లేరు." ఖాతా తెరుస్తారు, ఫొటో పెడతారు, "హలో, కొత్తగా వచ్చాను" అని ఒక పోస్టు రాస్తారు. సాయంత్రం దాకా ఎదురుచూస్తారు. ఒక లైక్ రాదు, ఒక జవాబు రాదు. హోమ్ ఫీడ్ తెరిస్తే తాము రాసిన పోస్టే కనిపిస్తుంది. రెండో రోజు ఇంకోసారి చూస్తారు. మూడో రోజుకు ఆ యాప్ సంగతే మర్చిపోతారు.

వాళ్లు వెళ్లిపోయాక అందరూ చెప్పే కారణం మాత్రం వేరు. సర్వర్ ఎంచుకోవడం కష్టమనీ, అంతా టెక్నికల్‌గా ఉంటుందనీ, మామూలు మనుషులకు ఎక్కదనీ అంటారు. నేను దీన్ని ఒప్పుకోను. ఈమెయిల్ తెరవగలిగినవాళ్లు ఎవరైనా ఇక్కడ ఖాతా తెరవగలరు. జనం వెనుదిరుగుతున్నది గుమ్మం దగ్గర కాదు, లోపలికి వచ్చాక. ఆ ఖాళీ ఎందుకు ఉందో, దాన్ని ఎలా నింపుకోవాలో వాళ్లకు ఎవరూ సరిగా చెప్పడం లేదు.

పెద్ద కంపెనీల నెట్‌వర్కుల్లో ఖాతా తెరిచిన మరునిమిషమే అల్గారిదమ్ పిలిచి పీట వేస్తుంది. మీరెవరో తెలియకపోయినా, ఆ పూట జనం ఎగబడి చూస్తున్నవన్నీ తెచ్చి ముందు పెడుతుంది. మీ వేలు ఎక్కడ ఆగిందో గమనించి తర్వాతవి వడ్డిస్తుంది. మాస్టొడాన్ హోమ్ ఫీడ్‌లో ఆ పని ఎవరూ చేయరు. మీరు ఫాలో అయినవాళ్లు రాసినవి, వాళ్లు బూస్ట్ చేసినవి (అంటే వేరేవాళ్లవి తిరిగి పంచినవి) సమయం వరసలో వస్తాయి, అంతే. ట్రెండింగ్ అని ఒక ట్యాబ్ ఉంటుంది కానీ దాని దగ్గరికి మీరే వెళ్లాలి. ఎవరినీ ఫాలో కాకపోతే హోమ్‌లోకి ఏమీ రాదు. ప్రకటనలు అమ్ముకునే వ్యాపారం కాదు కాబట్టి మిమ్మల్ని పట్టి కూర్చోబెట్టాల్సిన అవసరం దానికి లేదు. నాకు ఇందులో బాగా నచ్చింది ఇదే. కొత్తవాళ్లను బెదరగొడుతున్నదీ ఇదే.

అసలు ఇది ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. యూజెన్ రోచ్‌కో అనే ప్రోగ్రామర్ 2016లో జర్మనీ నుంచి విడుదల చేసిన మాస్టొడాన్ ఒకే ఒక వెబ్‌సైట్ కాదు. ఎవరైనా తమ సర్వర్ మీద పెట్టుకుని నడుపుకోగలిగే సాఫ్ట్‌వేర్. ఒక సర్వర్‌లో ఉన్నవాళ్లు ఇంకో సర్వర్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడడానికి యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్, అంటే సర్వర్ల ఉమ్మడి భాష, వాడతారు. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూత్రీసీ దాన్ని 2018 జనవరిలో అధికారికంగా సిఫార్సు చేసింది. ఫొటోల కోసం పిక్సెల్‌ఫెడ్, వీడియోల కోసం పీర్‌ట్యూబ్, చర్చల కోసం లెమ్మీ ఇదే భాష మాట్లాడతాయి. వీటన్నిటినీ కలిపి ఫెడివర్స్ అంటారు. అందుకే ఇక్కడ హ్యాండిల్ ఈమెయిల్ అడ్రసులా రెండు ముక్కలుగా ఉంటుంది: ముందు మీ పేరు, తర్వాత మీ సర్వర్ పేరు. పీర్‌ట్యూబ్‌లో ఉన్న ఒక చానల్‌ను మాస్టొడాన్ ఖాతా నుంచే ఫాలో కావచ్చన్న సంగతి తెలిసిన రోజు నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

సర్వర్ ఎంపిక గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. అరగంట చాలు. 2023లో అధికారిక యాప్ కొత్తవాళ్లకు మాస్టొడాన్ డాట్ సోషల్ అనే పెద్ద సర్వర్‌నే ముందుగా సూచించడం మొదలుపెట్టింది. అందులో చేరినా తప్పులేదు. వేరేది చూసుకునేవాళ్లు ఆ సర్వర్ 'అబౌట్' పేజీ తెరిచి నియమాలు చదవాలి. ఎవరు నడుపుతున్నారు, ఒక్కరేనా, ఖర్చు ఎలా గడుస్తోంది అన్నవి చూడాలి. మాస్టొడాన్ తన సైట్‌లో ఒక సర్వర్‌ను చూపించాలంటే కొన్ని షరతులు పెడుతుంది. రోజూ బ్యాకప్ తీయాలి, అత్యవసరంలో సర్వర్‌ను చూసుకోగలిగినవాళ్లు ఇంకొకరైనా ఉండాలి, ద్వేషపూరితమైన రాతలను తొలగించాలి, మూసేయదలిస్తే కనీసం 3 నెలల ముందు చెప్పాలి. ఆ జాబితాలోంచి ఎంచుకుంటే సగం చింత తీరినట్టే. డొమైన్ వైపు, అంటే సర్వర్ వెబ్ అడ్రసు వైపు, కూడా ఒక చూపు వేయండి. అఫ్ఘానిస్థాన్ దేశపు డొమైన్ మీద నడిచిన ఒక సర్వర్ 2024 ఫిబ్రవరిలో ఆ పేరునే పోగొట్టుకుంది, ఎందుకంటే ఆ డొమైన్ అక్కడి ప్రభుత్వం చేతిలో ఉంది.

ఇక అసలు పని, మొదటి వారం.

ఎవరినైనా ఫాలో అయ్యే ముందు మీ ప్రొఫైల్ నింపండి. ఇక్కడివాళ్లు కొత్తగా ఫాలో అయినవాళ్లెవరో వెళ్లి చూస్తారు. ఫొటో, బయో, ఒక్క పోస్టు కూడా లేకపోతే స్పామ్ ఖాతా అనుకుని వదిలేస్తారు. తర్వాత పరిచయం పోస్టు రాయండి. "హలో" అని ఊరుకుంటే దాన్ని పట్టుకునే కొక్కెం ఏదీ ఉండదు. మీకు ఏవి ఇష్టమో రాసి, వాటిని హ్యాష్‌ట్యాగులుగా పెట్టాలి. తోటపని అయితే తోటపని, ఖగోళం అయితే ఖగోళం. జనం ఇక్కడ ఒకరినొకరు కనుక్కునే దారి ఎక్కువగా హ్యాష్‌ట్యాగే. పోస్టుల్లోని మామూలు మాటలు సెర్చ్‌లో దొరకాలంటే రాసినవాళ్లు ముందుగా సెట్టింగ్స్‌లో అనుమతించి ఉండాలి. 2023లో వచ్చిన మార్పు అది. చాలామంది ఆ అనుమతి ఇవ్వనే ఇవ్వరు. మనుషులను ఫాలో అయినట్టే హ్యాష్‌ట్యాగును కూడా ఫాలో కావచ్చు. ఖాళీ హోమ్‌ను అన్నిటికన్నా త్వరగా నింపేది ఈ ఒక్క బటనే.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మీ సర్వర్‌కు ఫెడివర్స్ మొత్తం కనిపించదు. ఆ సర్వర్‌లో ఉన్నవాళ్లు ఎవరిని ఫాలో అవుతున్నారో ముఖ్యంగా వాళ్ల పోస్టులే అక్కడికి చేరతాయి. చిన్న సర్వర్‌లో చేరినవాళ్లకు హ్యాష్‌ట్యాగులు కూడా పలచగా కనిపించేది అందుకే. ఎక్కడో వేరే సర్వర్‌లో ఏళ్లుగా రాస్తున్న మనిషి ప్రొఫైల్ తెరిస్తే రెండే పోస్టులు కనిపించవచ్చు. ఆ మనిషి రాయడం మానేసినట్టు కాదు, పాతవి మీ సర్వర్‌కు రాలేదు, అంతే. ప్రొఫైల్‌ను వాళ్ల సొంత సర్వర్‌లో తెరిచి చూస్తే అన్నీ ఉంటాయి. ఇది తెలియక మంచి మంచి ఖాతాలను వదిలేసుకున్నవాళ్లను చూశాను. అందుకే మొదటి వారంలో మొహమాటం లేకుండా ఎక్కువమందినే ఫాలో అవండి. నచ్చనివాళ్లను తర్వాత తీసేయవచ్చు.

లైకుల గురించి కూడా ఒక అపోహ ఉంది. ఇక్కడ లైక్ కొడితే రాసినవాళ్లకు సంతోషం, అంతకుమించి హోమ్ ఫీడ్‌లలో ఆ పోస్టు ఇంకెవరికీ వెళ్లదు. నలుగురి దగ్గరికి చేరాలంటే బూస్ట్ చేయాలి. అన్నిటికన్నా విలువైనది జవాబు. నా రెండో వారంలో, పాత ఇంకు పెన్ను ఒకటి సిరా కారుతోందని ఫొటోతో పోస్టు పెట్టాను. ఎక్కడో వేరే సర్వర్‌లో ఉన్న ఒకాయన, పాళీని దగ్గరగా ఇంకో ఫొటో తీసి పెట్టమన్నారు. పెట్టాను. చీలిక ఒక పక్కకు జరిగిందని ఆయన చూసి చెప్పారు. పాళీని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఎలా బయటికి లాగాలో వరసగా రాశారు. మధ్యలో ఇంకొకామె వచ్చి, చూపులేనివాళ్ల స్క్రీన్ రీడర్ కోసం ఫొటోకు వివరణ కూడా రాస్తారా అని మర్యాదగా అడిగారు. అప్పటిదాకా నాకు ఆ సంగతే తెలియదు. ఆ రోజు నుంచి వివరణ లేకుండా ఫొటో పెట్టలేదు.

జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. ప్రైవేటు మెసేజ్ అనుకుని రాసేది ఇక్కడ నిజానికి ఒక రకం పోస్టే. అందులో ఎవరి హ్యాండిల్ రాసినా అది వాళ్లకు కూడా చేరుతుంది. ఒకసారి ఒక మిత్రుడికి రాస్తూ, మూడో మనిషి ప్రస్తావన వచ్చి, అలవాటుగా యాట్ గుర్తుతో సహా ఆయన హ్యాండిల్ కొట్టేశాను. నిమిషంలో ఆయన నుంచే జవాబు వచ్చింది. క్షమాపణ చెప్పుకున్నాను కానీ ఆ సిగ్గు చాలా రోజులు పోలేదు. పైగా ఈ మెసేజ్‌లకు ఎన్‌క్రిప్షన్ లేదు, సర్వర్ నడిపేవాళ్లు తలచుకుంటే చదవగలరు. రహస్యాలకు ఇది చోటు కాదు.

రెండోది, సర్వర్ మారడం. మారినప్పుడు మీ ఫాలోవర్లు కొత్త ఖాతాకు వస్తారు. మీరు ఫాలో అయ్యేవాళ్ల జాబితానూ, బ్లాకులనూ ఫైలుగా దించుకుని తీసుకెళ్లవచ్చు. పోస్టులు మాత్రం రావు. నేను మొదట చేరిన సర్వర్‌ను నడిపే మనిషి ఒక్కరే. ఒక రోజు సైట్ తెరుచుకోలేదు. ఇక తెరుచుకోలేదు. దాంతోపాటు ఏడాదిన్నర రాతలు, ఆ పెన్ను సంభాషణ కూడా పోయాయి. ఖాతా తెరిచిన వారంలోనే సెట్టింగ్స్‌లో ఎగుమతి పేజీ ఎక్కడుందో చూసుకోండి, నెలకోసారి కాపీ దించుకోండి అని అంత గట్టిగా చెప్పేది అందుకే.

ఈ మొదటి వారం సమస్యను బ్లూస్కై అనే ఇంకో సోషల్ నెట్‌వర్క్ మెరుగ్గా పరిష్కరించిందని ఒప్పుకోవాలి. అది ఏటీ ప్రోటోకాల్ అనే వేరే పునాది మీద నడుస్తుంది. 2024 ఫిబ్రవరిలో ఆహ్వానం లేకుండానే అందరూ చేరేలా తలుపులు తెరిచారు. అదే ఏడాది జూన్‌లో స్టార్టర్ ప్యాక్‌లు తెచ్చారు. ఒక రంగంలో మంచిగా రాసేవాళ్ల జాబితాను ఎవరైనా తయారుచేసి లింకు ఇస్తే, కొత్తగా వచ్చినవాళ్లు ఒక్క నొక్కుతో అందరినీ ఫాలో కావచ్చు. చాలామంది ఖాతాలు ఇప్పటికీ ఆ కంపెనీ సర్వర్ల మీదే ఉన్నాయి కాబట్టి వికేంద్రీకరణ విషయంలో నాకు దాని మీద అనుమానాలున్నాయి. కానీ కొత్త మనిషి మొదటి గంట గురించి వాళ్లు ఆలోచించారు. ఎలాన్ మస్క్ 2022 అక్టోబరులో ట్విట్టర్‌ను కొన్నాక మాస్టొడాన్‌లోకి వెల్లువలా జనం వచ్చారు. వాళ్లలో ఎంతోమంది నిలబడలేదు. అప్పుడు మేం, అంటే ముందే ఉన్నవాళ్లం, చాలాచోట్ల చేసిన పని వాళ్లకు మర్యాదలు నేర్పడం. ఫొటోకు వివరణ ఏదీ, కంటెంట్ వార్నింగ్ (లోపల ఏముందో ముందే చెప్పే హెచ్చరిక) ఎందుకు పెట్టలేదు అని మొదటి రోజే నిలదీశాం. పలకరించడం మర్చిపోయాం. అల్గారిదమ్ వద్దనుకున్న చోట దాని బదులు ఆ పని మనుషులే చేయాలి. మేం చేయలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున యాప్ తెరవగానే ముందు 'ఇంట్రడక్షన్' హ్యాష్‌ట్యాగ్‌లోకి వెళ్తాను. ఇవాళ ఒకావిడ గడియారాలు బాగుచేస్తానని రాశారు. పోస్టు పెట్టి ఆరు గంటలయింది, కింద ఒక్క జవాబూ లేదు. బూస్ట్ చేసి, మా ఇంట్లో ఆగిపోయిన గోడ గడియారం లోలకం ఫొటో తీసి, వివరణ రాసి, ఆవిడను అడిగాను.