ఇసుక రవాణా: ప్రాక్టికల్స్

నదీ శాస్త్రంలో తిరుపతి వెనకబడిందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. హైడ్రాలిక్స్ పుస్తకాల్లో ఇసుక రవాణా అని ఒక అధ్యాయం ఉంటుంది. నది తన ఇసుకను తానే ఎలా మోసుకెళ్తుందో పేజీలకు పేజీలు సూత్రాలు రాశారు, పాపం. అంత బరువు మా స్వర్ణముఖి నది మీద వేయడానికి మనసొప్పక మేము ఆ పని ట్రాక్టర్లకు అప్పగించాం. ప్రాక్టికల్స్ రాత్రి పదకొండు దాటాక మొదలవుతాయి. ఏ కాలేజీలోనూ అంత హాజరుండదు. ఇక పరస్పర సహకారం అంటారా, తోడేవాళ్లకూ చూసీ చూడనట్టు పోయేవాళ్లకూ మధ్య ఉన్నంత ఇంకెక్కడా చూడలేం.

సహకారం లేనిదల్లా మా మేనల్లుడికే. సివిల్ ఫైనలియర్, స్వర్ణముఖి వరద మీద ప్రాజెక్టు. వాన లెక్క ఒక ఆఫీసులో, చెరువుల లెక్క ఇంకో ఆఫీసులో, నది వెడల్పూ లోతుల కొలతలు మూడో చోట. మూడు నెలలు తిరిగాడు. మూడో చోట, "అవి బయటికివ్వకూడదు బాబూ" అన్నారట. ఏరు అందరి కళ్ల ముందే ఉంది. గేదెలకు కూడా దాని లోతు తెలుసు. కాగితం మీద ఎక్కేసరికి రహస్యమైపోయింది!

"మామా, అమెరికా సైన్యం ఇంజనీర్ల సాఫ్ట్‌వేర్ మాత్రం ఫ్రీగా దొరికింది" అన్నాడు. హెచ్‌ఈసీ-రాస్ అంటారు దాన్ని. నదిలో నీళ్లు ఎంత ఎత్తున, ఎంత వేగంతో పారతాయో అది లెక్కగడుతుంది. దాంతోపాటే నమూనా నదుల కొలతలు కూడా వస్తాయి. వీడు స్వర్ణముఖిని వదిలేసి వాటిలో ఒకదానికి వరద తెప్పించాడు. "ఏ నదైతేనేం, నీళ్లే కదా" అని గైడు గారు సంతకం పెట్టారు. మంచి మార్కులే వచ్చాయి.

ఒకందుకు అదీ మంచిదే. నీటి వేగం కట్టాలంటే మానింగ్ సూత్రంలో నది ఎంత గరుగ్గా ఉందో చెప్పే అంకె ఒకటి వేయాలి. శుభ్రంగా తిన్నగా పారే ఏటికి 0.03. గట్టిగా కంప మొలిచిన చోట 0.1 దాకా పోతుంది. ఆ అంకె మూడింతలైతే, అదే లోతులో నీటి వేగం మూడో వంతుకు పడిపోతుంది. వెనకొచ్చే నీళ్లు వీధుల్లోకి ఎక్కుతాయి. 1889లో ఐర్లండ్ ఇంజనీరు రాబర్ట్ మానింగ్ ఈ సూత్రం చెప్పినప్పుడు కోడి ఈకల మూటలు, పాత పరుపులు, వినాయకుడి ఇనుప చువ్వలు ఆయన ఊహకు అందలేదు. మా ఏటికి ఏ అంకె వేయాలో తేల్చినవాడికి డాక్టరేటు ఇవ్వొచ్చు.

అలాగని మాకు ఆసక్తి లేదనుకోకండి. 2021 నవంబరు వరదల్లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట కారుతోందని తెలిసిన వారం రోజులూ టీ కొట్టు టీ కొట్టూ ఒక పరిశోధన కేంద్రమే. క్యూసెక్కంటే సెకనుకు 28 లీటర్లని ఆటో అన్నలు కూడా చెప్పారు. ఏ తూము ఎప్పుడెత్తాలో, మొరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే దారి) ఎంత పారితే కట్టకు ముప్పో నోటిలెక్కన చెప్పగల నీరుగంటిని, అంటే ఊళ్లో చెరువు నీళ్లు చూసుకునేవాణ్ని, మాత్రం ఎవరూ పిలవలేదు. ఆయనకు డిగ్రీ లేదు కదా.

ఆ వరదప్పుడు మా వీధి చివరి ఇంటి గోడ మీద నీళ్లు నిలిచిన చోట మోకాలెత్తున బురద గీత పడింది. మేనల్లుడు టేపు తీసుకుని మొన్న ఉత్సాహంగా వెళ్లాడు.

"కనపడితే అద్దెకెవరొస్తారు నాయనా, సంక్రాంతికి సున్నం కొట్టించేశాం" అందట ఇంటావిడ.